పెట్టీ కేసులో ఫైన్ కట్టేస్తే అయిపోయినట్టేనా? ఉద్యోగం, పాస్‌పోర్ట్, వీసా దగ్గర ఆ రికార్డు ఎలా బయటపడుతుంది?

రాత్రి పదకొండు దాటాక రోడ్డు పక్కన కారు ఆపి మందు తాగుతూ నలుగురు కుర్రాళ్లు పోలీసులకు దొరికారనుకుందాం. పెట్రోలింగ్ సిబ్బంది ట్యాబ్‌లో ఫొటో తీస్తారు. పేరు, తండ్రి పేరు, అడ్రస్ రాసుకుని ఫలానా రోజు కోర్టుకు రమ్మంటారు. అక్కడ తప్పు ఒప్పుకుంటారా అని అడిగితే నలుగురూ తలూపుతారు. కొన్ని వందలో, వెయ్యో ఫైన్ కట్టి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తారు. ఇంట్లో చెప్పరు. నెల తిరిగేసరికి వాళ్లూ మర్చిపోతారు.

రెండేళ్ల తర్వాత ఆ నలుగురిలో ఒకరికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వస్తుంది. చేతికొచ్చిన అటెస్టేషన్ ఫారమ్‌లో ఒక ప్రశ్న ఉంటుంది: ‘ఎప్పుడైనా ఏదైనా కోర్టు మీకు జరిమానా విధించిందా?’

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నిజం రాస్తే ఉద్యోగం పోతుందేమోనని భయం. ‘లేదు’ అని రాస్తే ఎవరికి తెలుస్తుందిలే అని ధీమా. రెండింటిలో ప్రమాదకరమైంది రెండోదే. ఎందుకో తెలియాలంటే ముందు ఈ చిన్న కేసులు ఎక్కడెక్కడ నమోదవుతాయో చూడాలి.

రసీదు వేరు, కేసు వేరు

రోడ్డుపై చెత్త పారేసినందుకు మున్సిపల్ సిబ్బంది అక్కడికక్కడే ఫైన్ వేసి రసీదు చేతిలో పెడితే అది స్థానిక సంస్థ వసూలు చేసిన సొమ్ము మాత్రమే. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఇలాంటి స్పాట్ ఫైన్‌లకు బైలాస్ పెట్టుకోమని మున్సిపాలిటీలకు చెప్పాయి. ఇందులో మేజిస్ట్రేట్ లేరు, విచారణ లేదు, ‘దోషి’ అనే మాటే రాదు. కాబట్టి నేర చరిత్ర అన్న ప్రశ్నా రాదు.

ట్రాఫిక్ ఈ-చలాన్ కూడా చాలావరకు అంతే. హెల్మెట్ లేదనో, సిగ్నల్ జంప్ చేశారనో వచ్చిన చలాన్‌ను ఆన్‌లైన్‌లో కట్టేస్తే మోటారు వాహనాల చట్టం 200 సెక్షన్ కింద అది రాజీ అయిపోయినట్టు లెక్క. ఆ ఉల్లంఘనపై ఇక ముందుకెళ్లడానికి వీల్లేదు. అది శిక్ష కాదు.

ఇక్కడ భాష కూడా కొంత గందరగోళం చేస్తోంది. చట్టంలో ఫైన్ అంటే నేరానికి కోర్టు వేసే శిక్ష. పెనాల్టీ అంటే అధికారి వసూలు చేసే సొమ్ము. తెలుగులో రెండింటినీ జరిమానా అనే అంటాం. మున్సిపాలిటీ వాళ్లు కోర్టుతో పనిలేకుండా వసూలు చేసేదాన్నీ స్పాట్ ఫైన్ అనే పిలుస్తున్నారు కాబట్టి పేరును బట్టి తేల్చుకోలేం. డబ్బు ఎవరి ఆదేశంతో కట్టారన్నదే అసలు ప్రశ్న. 2023లో పార్లమెంటు ఆమోదించిన జన్ విశ్వాస్ చట్టం 42 చట్టాల్లోని 183 నిబంధనలను సవరించింది. చిన్న తప్పులను నేరాల జాబితా నుంచి తప్పించి, వీలైనచోట పెనాల్టీతో సరిపెట్టడమే దాని ఉద్దేశం.

పోలీసులు కోర్టుకు పంపితే మాత్రం లెక్క మారిపోతుంది. హైదరాబాద్‌లో రోడ్డు మీద చెత్త వేసినవారిపై పోలీసులు ఈ-పెట్టీ కేసులు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. అంటే చెత్త సంచి ఒకటే, తప్పు ఒకటే. మున్సిపల్ ఉద్యోగి కంట పడితే రసీదు, కానిస్టేబుల్ కంట పడితే కోర్టు కేసు.

పెట్టీ కేసు ఎలా నడుస్తుంది?

హైదరాబాద్‌లో ఈ కేసుల్లో ఎక్కువగా వినిపించేది సిటీ పోలీస్ చట్టం. ఫసలీ 1348 నాటిది, అంటే నిజాం పాలనలో వచ్చింది. చట్టం తాతల కాలందే అయినా కేసు రాసేది మాత్రం ట్యాబ్‌లోనే. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 1889 నాటి టౌన్ న్యూసెన్స్ చట్టం ఇదే పని చేస్తుంది. పేకాట, కోడిపందేల దగ్గర దొరికితే 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. పట్టాలు దాటుతూ ఆర్పీఎఫ్‌కు చిక్కితే రైల్వే చట్టం 147 సెక్షన్. దానికి ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. వీటితో పాటు భారతీయ న్యాయ సంహితలోనూ కొన్ని చిన్న నేరాలున్నాయి. 292 కింద పబ్లిక్ న్యూసెన్స్‌కు వెయ్యి రూపాయల వరకు జరిమానా వేయొచ్చు. 355 కింద తాగి బహిరంగ ప్రదేశంలో అల్లరి చేస్తే 24 గంటల వరకు జైలు, వెయ్యి వరకు జరిమానా లేదా సమాజ సేవ శిక్షగా పడొచ్చు.

ఈ కేసుల్లో చాలావాటికి ఎఫ్ఐఆర్ ఉండదు. పోలీసులు నేరుగా చిన్న ఛార్జిషీట్ లాంటిది కోర్టుకు ఇస్తారు. కోర్టులో దానికి ‘ఎస్‌టీసీ’ అని ఒక నంబర్ పడుతుంది. సమ్మరీ ట్రయల్ కేసు అన్నమాట. మేజిస్ట్రేట్ ఆరోపణ చదివి వినిపిస్తారు. ఒప్పుకుంటే అక్కడే జరిమానా. చాలామంది విషయంలో అయిదు నిమిషాలు కూడా పట్టదు.

ఆ అయిదు నిమిషాల్లో ఏం రాస్తారో చాలామంది చూసుకోరు. సమ్మరీ ట్రయల్‌లో కోర్టు ఏమేం నమోదు చేయాలో బీఎన్‌ఎస్‌ఎస్‌ స్పష్టంగా చెబుతోంది. కేసు నంబర్, నేరం జరిగిన తేదీ, ఫిర్యాదు తేదీ, నిందితుడి పేరు, తల్లిదండ్రుల వివరం, నివాసం, ఏ నేరం, నిందితుడు ఏమన్నాడు, కోర్టు ఏం తేల్చింది, ఏ శిక్ష వేసింది, విచారణ ఎప్పుడు ముగిసింది... ఇవన్నీ ఉండాల్సిందే. కేసు చిన్నదే కానీ మనిషిని గుర్తుపట్టడానికి కావాల్సినవన్నీ అందులో ఉంటాయి.

కోర్టు దాకా వెళ్లకుండానే ముగిసేవీ ఉన్నాయి. అయిదు వేలకు మించని జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాలను బీఎన్‌ఎస్‌ఎస్‌ 229 సెక్షన్ పెట్టీ నేరాలంటుంది. పాత సీఆర్‌పీసీలో ఈ పరిమితి వెయ్యి రూపాయలు. ఇలాంటి వాటిలో మేజిస్ట్రేట్ పంపే ప్రత్యేక సమన్లలోనే జరిమానా మొత్తం రాసి ఉంటుంది. తప్పు ఒప్పుకుంటున్నానని లేఖ రాసి డబ్బు పంపేస్తే చాలు, మనిషి వెళ్లక్కర్లేదు. సౌకర్యంగానే ఉంటుంది. కానీ అలా పంపిన లేఖ కూడా నేరాంగీకారమే, దాని మీద వచ్చేది కూడా శిక్షే.

ఇంకో సంగతి. నేరం ఒప్పుకుని శిక్ష పడ్డాక ‘నాకు తెలియక ఒప్పుకున్నా’ అంటూ అప్పీల్‌కు వెళ్లడం కష్టం. శిక్ష ఎక్కువైందనో, అది చట్టబద్ధం కాదనో తప్ప అప్పీల్‌కు చట్టం దారి ఇవ్వదు.

రూ.20 జరిమానాతో పోయిన ఉద్యోగం

ఈ విషయంలో సుప్రీంకోర్టు చాలా ఏళ్ల క్రితమే గట్టిగా మాట్లాడింది. హరియాణాలో ఓ నాలుగో తరగతి ఉద్యోగికి పాత ఐపీసీ 294 కింద, అంటే బహిరంగ ప్రదేశంలో అసభ్య ప్రవర్తన కేసులో, సమ్మరీ ట్రయల్‌లో శిక్ష పడింది. జరిమానా అక్షరాలా 20 రూపాయలు. దాన్ని కారణంగా చూపి ఉద్యోగం నుంచి తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 294 కింద శిక్ష పడినంత మాత్రాన అది నైతిక పతనం కిందకు రాదని 1996లో కోర్టు తేల్చి, తొలగింపును తప్పుపట్టింది.

తీర్పు అక్కడితో ఆగలేదు. ట్రాఫిక్, మున్సిపల్, చిన్నచిన్న కేసుల్లో దేశవ్యాప్తంగా వేలమంది, అందులోనూ కుర్రాళ్లు, ఏదో ఒకటి కట్టేసి బయటపడదామని తప్పు ఒప్పుకుంటున్నారని, దాని ఫలితంగా జీవితాలే దెబ్బతింటున్నాయని ధర్మాసనం ఆవేదన వ్యక్తం చేసింది. ఒక పరిమితి వరకు, ఉదాహరణకు 2 వేల రూపాయల దాకా జరిమానాతో ముగిసిన కేసును ఏ అవసరానికీ శిక్షగా చూడకూడదని, ముఖ్యంగా ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో అలా పరిగణించకూడదని చట్టం తేవాలంటూ పార్లమెంటుకు సూచించింది.

దాదాపు మూడు దశాబ్దాలు గడిచాయి. ఐపీసీ, సీఆర్‌పీసీలను తీసేసి 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. ఆ సూచన మాత్రం వాటిలో చోటు దక్కించుకోలేదు. బ్రిటన్‌లో 1974 నుంచే ఇందుకో చట్టం ఉంది. అక్కడ జరిమానాతో ముగిసిన శిక్ష పెద్దవాళ్ల విషయంలో ఏడాది గడిస్తే కాలం చెల్లినట్టే. ఆ తర్వాత మామూలు ఉద్యోగ దరఖాస్తుల్లో దాన్ని చెప్పక్కర్లేదు. మన దగ్గర పెద్దవాళ్లకు అలాంటి గడువు ఏదీ లేదు. ఇరవై ఏళ్ల వయసులో కట్టిన ఫైన్ నలభై ఏళ్లప్పుడు కూడా ‘అవును’ అనే జవాబునే కోరుతుంది.

ఫారమ్‌లో అడిగేది ఒక్క ప్రశ్న కాదు

కేంద్ర ప్రభుత్వ అటెస్టేషన్ ఫారమ్‌ను జాగ్రత్తగా చదవాలి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూట్ అయ్యారా, నిర్బంధంలో ఉన్నారా, బైండోవర్ చేశారా, కోర్టు జరిమానా వేసిందా, ఏదైనా నేరంలో శిక్ష పడిందా అని విడివిడిగా అడుగుతారు. చాలామంది దీన్నంతా ‘మీరు నేరస్తుడా’ అన్న ఒక్క ప్రశ్నగా చదివేసి వరుసగా ‘లేదు’ కొట్టేస్తారు. జైలుకెళ్లలేదు కదా అనేది వాళ్ల లెక్క.

తర్వాత ఆ ఫారమ్ పోలీస్ వెరిఫికేషన్‌కు వెళ్తుంది. స్టేషన్ రికార్డులు చూస్తారు. దేశంలోని పోలీస్ స్టేషన్లను కలిపే సీసీటీఎన్‌ఎస్ నెట్‌వర్క్ ఉంది. పోలీసు, కోర్టు, జైలు, ఫోరెన్సిక్, ప్రాసిక్యూషన్ సమాచారాన్ని ఒకచోట అనుసంధానించే ఐసీజేఎస్ ఉంది. ఎఫ్ఐఆర్ లేని పెట్టీ కేసు పోలీసుల వ్యవస్థలో ఎక్కడో ఓ మూల ఉండిపోయినా, కోర్టు నంబర్ పడిందంటే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కనిపించే అవకాశం ఉంటుంది. అక్కడ పేరు కొట్టి వెతకడానికి పోలీసు అధికారే కానక్కర్లేదు. ఫోన్ ఉన్న ఎవరైనా చూడొచ్చు. ప్రైవేటు కంపెనీల తరఫున బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసేవాళ్లకు ఇది చేతికందే దారి.

2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ గొడవకు ఒక దారి చూపింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, దాచకూడదు. అయితే వయసు వేడిలో నినాదాలు చేయడం, లేదా చెప్పి ఉంటే ఉద్యోగానికి అడ్డు కాని చిన్నపాటి నేరం లాంటివి దాచినా, యాజమాన్యం తన విచక్షణతో క్షమించవచ్చు. పెద్ద కేసును దాచితే, పెండింగ్ కేసులు ఎక్కువగా ఉండి దాచితే ఆ వెసులుబాటు ఉండదు. ఫారమ్‌లో స్పష్టంగా అడిగిన దానికే జవాబు ఇవ్వాలి. అడగని విషయం చెప్పలేదని తప్పుపట్టకూడదని కూడా కోర్టు చెప్పింది.

‘క్షమించవచ్చు’ అన్న మాట దగ్గర ఆగి చూడాలి. అది అభ్యర్థి హక్కు కాదు, యాజమాన్యం విచక్షణ. చెప్పిన పెట్టీ కేసుతో ఉద్యోగం పోవడానికి బలమైన కారణం ఉండాలి. దాచిన పెట్టీ కేసుతో పోవడానికి దాచడమే కారణంగా చూపుతారు. ఫలితం కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగడం.

మైనర్‌గా ఉన్నప్పటి కేసైతే పరిస్థితి వేరు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఆ శిక్ష వల్ల ఎలాంటి అనర్హతా రాదు, నిర్ణీత గడువు తర్వాత రికార్డును ధ్వంసం చేయాలి. 16 ఏళ్లు దాటి ఘోరమైన నేరంలో పెద్దవాళ్లలా విచారణ ఎదుర్కొన్నవారికే మినహాయింపు. ముగిసిన కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదు కూడా.

రెండోసారి దొరికితే

పెట్టీ కేసు మీద పెట్టీ కేసు పడితే మరో తలనొప్పి ఉంది. రౌడీషీట్ ఎవరి మీద తెరవొచ్చో పోలీస్ స్టాండింగ్ ఆర్డర్ 601 చెబుతుంది. శాంతిభద్రతలకు అలవాటుగా భంగం కలిగించేవాళ్లు, బైండోవర్ అయినవాళ్లతో పాటు ఆ జాబితాలో ఇంకో కోవ ఉంది. హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టంలోని 59, 70 సెక్షన్ల కింద, లేదా టౌన్ న్యూసెన్స్ చట్టం 3వ సెక్షన్ 12వ క్లాజు కింద వరుసగా రెండేళ్లలో ఒకటికంటే ఎక్కువసార్లు శిక్ష పడినవాళ్లు. ఫైన్ కట్టి నవ్వుకుంటూ బయటికొచ్చిన కేసులు ఇక్కడ లెక్కకొస్తాయి.

వేలిముద్రల సంగతీ ఉంది. 1920 నాటి పాత చట్టం ప్రకారం ఏడాది, అంతకుమించి కఠిన జైలుశిక్ష పడే నేరాలకే కొలతలు, వేలిముద్రలు తీసుకునేవాళ్లు. 2022 ఆగస్టు 4 నుంచి అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం ఆ గీతను చెరిపేసింది. ఏ చట్టం కింద, ఏ నేరంలో శిక్ష పడినా, అరెస్టయినా పోలీసులు అడిగితే ఇవ్వాల్సిందే. ఆ డేటాను ఎన్‌సీఆర్‌బీ 75 ఏళ్లు ఉంచొచ్చు. ప్రతి పెట్టీ కేసులోనూ తీస్తారని కాదు, తీయడానికి చట్టం అడ్డు చెప్పదు. అంతకుముందు శిక్షలేవీ లేని వ్యక్తి నిర్దోషిగా బయటపడితే, అప్పీళ్లన్నీ ముగిశాక ఆ రికార్డును తొలగించాలి. ఫైన్ కట్టినవాళ్లు నిర్దోషులు కారు కాబట్టి వారికి ఈ తొలగింపు వర్తించదు.

పాస్‌పోర్ట్ ఆగుతుందా?

ఫైన్‌తో ముగిసిన పెట్టీ కేసు వల్ల పాస్‌పోర్ట్ ఆగదు. 1967 పాస్‌పోర్ట్ చట్టం ప్రకారం, నైతిక పతనం కిందకు వచ్చే నేరంలో గత అయిదేళ్లలో రెండేళ్లకు తగ్గని జైలుశిక్ష పడితేనే ఆ కారణంతో నిరాకరిస్తారు. ఇబ్బందల్లా ముగియని కేసుతోనే. కోర్టులో కేసు పెండింగ్‌లో ఉంటే 6(2)(ఎఫ్) అడ్డొస్తుంది. కేవలం ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన పెండింగ్ కేసు కాదని, కోర్టు కేసును విచారణకు స్వీకరిస్తేనే అలా చూడాలని విదేశాంగ శాఖ 2019 అక్టోబర్ 10న స్పష్టత ఇచ్చింది. కోర్టుకు వెళ్లకుండా వదిలేసిన ఎస్‌టీసీ నంబర్లు ఇక్కడే బయటపడతాయి. అలాంటప్పుడు కోర్టు నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుంటే, కోర్టు చెప్పిన గడువుకు పాస్‌పోర్ట్ ఇస్తారు. గడువు చెప్పకపోతే ఏడాదికి ఇస్తారు.

అమెరికా వీసా ఫారమ్ ఇంకా సూటిగా ఉంటుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఏదైనా నేరంలో శిక్ష పడిందా, తర్వాత క్షమాభిక్ష వచ్చినా సరే చెప్పమంటుంది. రోడ్డు మీద చెత్త వేసిన కేసు వీసాను అడ్డుకునే రకం కాదు. డ్రంకెన్ డ్రైవ్ అలా కాదు. మోటారు వాహనాల చట్టం 185 కింద తొలిసారి దొరికినా ఆరు నెలల వరకు జైలు, 10 వేల వరకు జరిమానా ఉన్న నేరమిది. గత అయిదేళ్లలో మద్యానికి సంబంధించిన అరెస్టు లేదా శిక్ష ఒక్కటున్నా దరఖాస్తుదారును వైద్య పరీక్షకు పంపడం అమెరికా కాన్సులేట్ల నిబంధన. అమెరికాలో ఉండగా డ్రంకెన్ డ్రైవ్‌లో అరెస్టయితే, తీర్పు రాకముందే వీసా రద్దు చేయొచ్చు.

అక్కడ చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు గుర్తుంచుకోవాల్సిన తేడా ఇంకోటుంది. అక్కడ తాగి రోడ్డుపై తిరగడం, ఊరికే గుమిగూడటం, మామూలు ట్రాఫిక్ తప్పులు లాంటి తేలికపాటి కేసులను ఎఫ్‌బీఐ జాతీయ నేర చరిత్ర రికార్డు నుంచి మినహాయిస్తూ నిబంధన ఉంది. షాపులో వస్తువు బిల్లు కట్టకుండా తీసుకెళ్తే మాత్రం ఎంత చిన్నదైనా దొంగతనమే. ఇమిగ్రేషన్ లెక్కలో అది నైతిక పతనం కిందకు వస్తుంది.

తప్పు ఒప్పుకునే ముందు

కోర్టులో నిలబడ్డప్పుడు ‘ఫైన్ కట్టేస్తా సార్’ ఒక్కటే దారి కాదు. 1958 ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద, గతంలో శిక్షలేవీ లేనివారిని చిన్న నేరాల్లో మందలించి వదిలిపెట్టమని కోరవచ్చు. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం అలా వదిలినవారికి శిక్ష వల్ల వచ్చే అనర్హత వర్తించదు. కేసు వివరం అడిగితే చెప్పాల్సిందే, కానీ దాన్ని చూపి అనర్హుడనడం కుదరదు. పెట్టీ కేసుల రద్దీలో మేజిస్ట్రేట్ తనంతట తాను అడగకపోవచ్చు, న్యాయవాదితో అడిగించుకోవాలి. ఖర్చు భరించలేనివారు కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవాధికార సంస్థను అడగొచ్చు. లోక్ అదాలత్‌లో ముగిసిన కేసైతే ఆర్డర్ కాగితం చదవాల్సిందే. రాజీ అయిందని రాసి ఉంటే అది నిర్దోషిగా తేలినట్టే. నేరం ఒప్పుకున్నందుకు జరిమానా అని ఉంటే మాత్రం శిక్షే.

ఇప్పటికే ఫైన్ కట్టేసినవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది. ఈ-కోర్ట్స్‌లో పేరుతో, జిల్లాతో వెతికితే ఎస్‌టీసీ నంబర్ దొరుకుతుంది. దాంతో ఆ కోర్టులో దరఖాస్తు పెట్టి తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ఫైన్ రసీదు ఉంటే దాన్నీ జత చేసి ఉంచుకోవాలి. అటెస్టేషన్ ఫారమ్‌లో ‘అవును’ అని రాసినప్పుడు కేసు నంబర్, సెక్షన్, తేదీ, జరిమానా మొత్తం అడిగే గళ్లు ఉంటాయి. గుర్తున్నంతవరకు రాసి తేదీ తప్పు పడితే అదీ మరో ప్రశ్నకు దారితీస్తుంది.